రెండక్షరాల సిరి

మా కాలేజీలో నా దగ్గర తెలుగు చదువుకుని, ఆపైన లెక్కలూ యంత్రాలూ నేర్చుకుని, ఇప్పుడు హైదరాబాదులో సొంత కంపెనీ పెట్టిన కుర్రాడొకడు మొన్న దసరాల్లో ప్రారంభోత్సవానికి ఆహ్వానం పంపించాడు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖలాంటి కార్డే. కింద కంపెనీ ఇంటర్నెట్ చిరునామా ఉంది. దాని చివర ఒక చుక్క, చుక్క పక్కన ‘ఏఐ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. అక్షరం కంటబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు అడగందే ఊరుకోలేకపోవడం తెలుగు చెప్పేవాళ్ళందరికీ ఉన్న జబ్బే. ఫోను చేసి, “ఏమోయ్, ఈ తోక ఏమిటి?” అన్నాను.

“కృత్రిమ మేధ అని తెలియడానికండి మేడమ్. అసలైతే అది ఒక దేశం గుర్తు. వాళ్ళకి డబ్బు కట్టి పుచ్చుకున్నాం” అన్నాడు.

“ఏ దేశం?”

“ఏదో దీవిలెండి. నాకూ సరిగ్గా తెలీదు” అని నవ్వేశాడు.

డబ్బు ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడెవరో తెలియకపోవడం నాకు వింతగా తోచింది. ఎలాగూ సెలవులే కాబట్టి కూర్చుని ఆ దీవి చరిత్ర చదివాను. చదివినకొద్దీ అంతు తేలని కథలా సాగింది. వారం రోజులపాటు మా ఇంట్లో భోజనాల దగ్గర అదే కబురు.

దీవి పేరు ఆంగ్విల్లా. వెస్టిండీస్ దీవుల వరసలో ఉంటుంది. పొడుగు 26 కిలోమీటర్లు, వెడల్పు అయిదారుకి మించదు. విస్తీర్ణం మొత్తం 91 చదరపు కిలోమీటర్లు. మన వైపు ఒక మోస్తరు మండలం అంతకంటే పెద్దది. పామును పోలిన ఒకరకం చేపకు స్పానిష్ భాషలో ఉన్న పేరే దీనికీ పెట్టారట. పటంలో చూస్తే అలాగే మెలికలు తిరిగి కనబడుతుంది. జనాభా పదిహేను పదహారు వేలు. 1650లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. ఈనాటికీ అది బ్రిటన్ చేతికింది దీవే.

ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో ప్రపంచంలో ఉన్న దేశాలకీ, ప్రాంతాలకీ తలా రెండక్షరాలు పంచిపెట్టారు. మనకి ‘ఐఎన్’ వచ్చినట్టే ఆంగ్విల్లాకి ‘ఏఐ’ వచ్చింది. 1995లో ఆ అక్షరాల అజమాయిషీ దీవికి అప్పగించారు. ఆ దీవిలో స్థిరపడిన విన్స్ కేట్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు చాలా ఏళ్ళపాటు ఆ వ్యవహారం చూసుకున్నాడు. అడిగేవాళ్ళు కొద్దిమందే గనక వచ్చే రాబడీ అంతంతమాత్రమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. దాంతో ప్రపంచంలో కంపెనీ పెట్టిన ప్రతివాడికీ పేరు చివర ఆ రెండక్షరాలు కావలసి వచ్చాయి. 2022లో 1,44,000 ఉన్న పేర్లు మరుసటి ఏడు 3,54,000 అయ్యాయి. ఆ 2023 ఒక్క సంవత్సరంలో దీవి ఖజానాకి ఈ పద్దు కింద చేరింది 3 కోట్ల 20 లక్షల డాలర్లు. ప్రభుత్వానికి వచ్చే మొత్తం రాబడిలో అయిదో వంతు!

మావారు బ్యాంకులో పని చేస్తారు. ఈ లెక్క వినగానే ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “అమ్మకమూ కాదు, వడ్డీ కాదు. సరుకు తరగదు, గిడ్డంగి అక్కర్లేదు. పేరుకి అద్దె పుచ్చుకుంటున్నారన్నమాట. ఎంతోయ్ అద్దె?” అన్నారు.

“2023లో రెండేళ్ళకి 140 డాలర్లట.”

“రెండేళ్ళ తరవాత?”

“మళ్ళీ కట్టాలి. కట్టకపోతే పేరు పోతుంది.”

“అదీ అసలు సంగతి” అని మళ్ళీ ముద్ద కలుపుకున్నారు. ఆ “అసలు సంగతి” దగ్గరికి తరవాత వస్తాను. ముందు, ఈ దీవి ఇంతకు పూర్వం ఏం తిని బతికిందో చెప్పాలి.

ఉప్పు. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా నౌపడా దగ్గర. కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఉప్పుమళ్ళు చూస్తూ పెరిగినదాన్ని గనక ఆ మాట చదవగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మా తాతగారు నాలుగు మళ్ళు కౌలుకి చేసేవారు. ఎండాకాలమంతా నీరు కట్టి, ఎండబెట్టి, ఉప్పు గోకి కుప్ప పోసిన తరవాత అకాల వర్షం ఒక్కటి పడిందంటే, ఆ ఏటి కష్టమంతా తిరిగి సముద్రంలో కలిసిపోయేది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కారు. ఆంగ్విల్లాలోనూ అదే ఎండ, అదే గాలి. సున్నపురాతి నేల, పైన జానెడు మన్ను, వాన తక్కువ. చెరకు పండించి లాభాలు తీద్దామని తెల్లదొరలు చేసిన ప్రయత్నం ఆ నేల మీద సాగలేదు. అక్కడి నల్లజాతి బానిసల సంతతివారికి మిగిలినవి ఉప్పుమళ్ళూ, చేపలూ, పడవలూను. ఆ ఉప్పును ఓడల మీద ట్రినిడాడ్ దాకా పంపేవారు. అక్కడ చమురు శుద్ధి చెయ్యడానికి వాడేవారట. 1980ల్లో ఆ వ్యాపారమూ మూతబడింది.

ఉప్పు చాలనివాళ్ళు వలస పోయేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఏటా కొన్ని నెలలు మగవాళ్ళు తెరచాప పడవల్లో శాంతో డొమింగో చెరకుతోటలకి కూలికి పోయి, కోత అయ్యాక డబ్బు మూట కట్టుకుని తిరిగి వచ్చేవారు. ఇంటికి ముందెవరు చేరతారని దారి పొడుగునా పడవలు పందెం వేసుకునేవి. మా జిల్లా నుంచి బర్మాకి పోయినవాళ్ళ కథలు మా నాయనమ్మ చెబుతూండేది. రేవులో నిలబడి ఎదురుచూసిన ఆడవాళ్ళ ముఖాలు ఏ సముద్రం ఒడ్డునైనా ఒకేలా ఉంటాయి కాబోలు.

ఇక వీళ్ళ రాజకీయం వినండి. నవలగా రాస్తే నమ్మేవారు కారు.

బ్రిటన్ దొరతనంవారు వెస్టిండీస్ దీవులను ఒక్కొక్కటే వదిలించుకునే రోజుల్లో, ఇంత చిన్న దీవికి వేరే ప్రభుత్వమెందుకని, 110 కిలోమీటర్ల దూరాన ఉన్న సెయింట్ కిట్స్‌కీ, దాని పక్క నెవిస్‌కీ ఆంగ్విల్లాను జతగానే ఉంచారు. 1967 ఫిబ్రవరిలో ఆ మూడూ కలిసి స్వపరిపాలన గల ఒకే రాజ్యమన్నారు. పెత్తనం సెయింట్ కిట్స్‌ది, అక్కడి నాయకుడు రాబర్ట్ బ్రాడ్‌షాది. ఆంగ్విల్లా జనం అప్పటికి ఆరువేలు. కరెంటు లేదు, టెలిఫోను లేదు, తారు వేసిన రోడ్డు లేదు. పై నుంచి వచ్చే నిధులు సెయింట్ కిట్స్‌లోనే ఆగిపోతున్నాయని వాళ్ళ గోడు. మే 30వ తేదీన జనమంతా కూడి, సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన పోలీసులను విమానం ఎక్కించి సాగనంపారు. ఇప్పటికీ ఆ తేదీన వాళ్ళు పండగ చేసుకుంటారు. జూలైలో వోట్లు పెట్టారు. విడిపోవాలన్నవాళ్ళు 1,813 మంది. వద్దన్నవాళ్ళు అయిదుగురు. ఆ అయిదుగురూ ఎవరో దీవిలో అందరికీ తెలిసే ఉంటుంది!

విడిపోయి ఏం కావాలని? స్వతంత్ర దేశమా? కాదు. మమ్మల్ని నేరుగా బ్రిటన్ కిందనే ఉంచండి అన్నారు.

ఇది చెప్పినప్పుడు మా అత్తయ్యగారు మజ్జిగ పోస్తూ ఆగి, “తోడికోడలి పెత్తనం పడలేక అత్తగారి కిందే ఉంటానందన్నమాట!” అన్నారు. రాజనీతి శాస్త్రం చెప్పే మా సహాధ్యాపకులు గంటసేపు ఉపన్యసించినా ఇంత బాగా తేల్చలేరు. అత్తగారు నాలుగువేల మైళ్ళ దూరాన ఉంటే ఎవరైనా ఆ మాటే అంటారని నాకు తోచింది గాని, మజ్జిగ పూర్తిగా పడేదాకా నోరు మెదపలేదు.

అత్తగారు వినలేదు. రెండేళ్ళు నానుస్తే రొనాల్డ్ వెబ్‌స్టర్ నాయకత్వాన 1969 ఫిబ్రవరిలో మళ్ళీ వోట్లు వేసి, 1,739కి 4 తేడాతో, అయితే మాది రిపబ్లిక్కే పొమ్మన్నారు. మార్చిలో మాట్లాడడానికి వచ్చిన బ్రిటిష్ మంత్రిని వచ్చిన దారినే పంపేశారు. దాంతో లండన్‌కి కోపం వచ్చింది. మార్చి 19 తెల్లవారుజామున యుద్ధనౌకల మీద నుంచి పారాచూట్ దళంవారు మూడు వందల మందికి పైగా, వాళ్ళ వెనకాల లండన్ నగరపు పోలీసులూ దీవి మీద దిగారు. గట్టు మీద ఫెళ్ళున మెరుపులు మెరిశాయి. సిపాయిలు తుపాకులనుకున్నారు. తీరా చూస్తే అవి పత్రికలవాళ్ళ కెమెరా దీపాలు! ఎదిరించి ఒక్క తుపాకీ పేలలేదు. ఆరువేలమంది మీదికి సైన్యాన్ని పంపిన ఘనతకి లోకమంతా బ్రిటన్‌ని చూసి నవ్వింది.

కాని చిత్రం చూడండి. దండెత్తి వచ్చిన సైన్యం వెనకే ఇంజనీర్లు వచ్చి రోడ్లు వేశారు, కరెంటు స్తంభాలు పాతారు, బడి కట్టారు. బుద్ధిగా అర్జీలు పెట్టుకున్నన్నాళ్ళూ రానివన్నీ తిరగబడితే వచ్చాయి. చివరికి 1980 డిసెంబరు 19న ఆంగ్విల్లాను సెయింట్ కిట్స్ నుంచి చట్టప్రకారం వేరు చేశారు. సెయింట్ కిట్స్, నెవిస్‌లు 1983లో స్వతంత్రమయ్యాయి. ఆంగ్విల్లా అడిగిందే అడిగి, అత్తగారి పంచనే ఉండిపోయింది.

ఇప్పుడు మళ్ళీ అక్షరాల దగ్గరికి వద్దాం. నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఇదే.

ఈ రెండక్షరాల పట్టికలో ‘ఏఐ’ మొదట ఆంగ్విల్లాది కాదు. ఆఫ్రికా కొమ్ములో ‘అఫార్లు, ఇస్సాల ప్రాంతం’ అని ఫ్రెంచివారి వలస ఒకటి ఉండేది. ఆ అక్షరాలు దానివి. 1977లో ఆ ప్రాంతం స్వతంత్రమై జిబూటీ అని పేరు మార్చుకుంది. పేరు మారింది గనక అక్షరాలు ఖాళీ అయ్యాయి. ఇటు ఆంగ్విల్లా ఇంగ్లీషు వర్ణక్రమం చూడండి: మొదటి ‘ఏ’ పక్కన ‘ఎన్’ పెడదామంటే అది అప్పటికే నెదర్లాండ్స్ ఆంటిలీస్‌ది. ‘జీ’ పెడితే ఆంటిగ్వా, ‘యూ’ పెడితే ఆస్ట్రేలియా, ‘ఎల్’ పెడితే ఆల్బేనియా. మిగిలింది ఒక్క ‘ఐ’. పంక్తిలో ఆఖరున కూర్చున్నవాడికి అడుగున మిగిలిన పాయసం దక్కినట్టు దక్కింది.

అంతకంటే పెద్ద మాట ఇంకొకటుంది. 1967లో వాళ్ళు గొడవ పడకుండా సర్దుకుపోయి ఉంటే ఈనాడు ఆంగ్విల్లాకి వేరే అక్షరాలే ఉండేవి కావు. సెయింట్ కిట్స్ అక్షరాలు ‘కేఎన్’. వాటిలోనే ఇదీ కలిసిపోయేది. ఒక వలస స్వతంత్రం కోరుకున్నందువల్ల అక్షరాలు ఖాళీ అయ్యాయి. ఇంకొక వలస స్వతంత్రం వద్దన్నందువల్ల వాటికి హక్కుదారు దొరికింది. ఇదంతా అదృష్టమేనని పత్రికలన్నీ రాశాయి. అదృష్టమే, కాదనను. కాని అదృష్టం వచ్చి తలుపు తట్టేనాటికి తలుపూ, ద్వారబంధమూ ఉండాలి కదా! ఆ ద్వారబంధం కట్టినవాళ్ళు 1967లో వోటు వేసిన ఆ 1,813 మంది. వాళ్ళలో చాలామంది కంప్యూటరు అనే మాట కూడా వినకుండానే కన్నుమూసి ఉంటారు.

ఉప్పు పోయాక, అక్షరాలు రాకముందు, మధ్యలో వాళ్ళని నిలబెట్టింది యాత్రికుల డబ్బు. ఇందులోనూ ఒక వింత ఉంది. 1967లో ఆగస్టు నెలలో న్యూయార్క్ పత్రికలో ఆ దీవి పక్షాన నిండు పేజీ ప్రకటన వేయించారు. చిన్న దేశాలే మేలని వాదించే లియోపోల్డ్ కోర్ అనే ఆస్ట్రియన్ పండితుడూ, ఆయన మిత్రులూ సాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అప్పట్లో వాళ్ళకి సలహాదారులు. హోటళ్ళలో ఎంగిలి కంచాలు తీసే జాతిగా మారడం మాకిష్టం లేదు, అది తప్పా? అని ఆ ప్రకటన భావం. పదిహేడేళ్ళు తిరిగేసరికి, 1984లో, అక్కడ ధనవంతుల కోసం మొదటి పెద్ద హోటళ్ళు లేచాయి. ఇప్పుడు దీవికి ప్రధాన జీవనాధారం అదే.

మాట తప్పారని నేననను. పిల్లల కడుపు నిండాలంటే ఏ తల్లి అయినా ప్రకటనలో రాసిన మాట పక్కన పెడుతుంది. అదీగాక, పూర్తిగా లొంగిపోలేదు కూడాను. జూదపు శాలలు పెట్టనివ్వలేదు. కొద్దిమంది వచ్చి ఎక్కువ ఖర్చు పెట్టే పద్ధతే ఎంచుకున్నారు. అయితే ఆ బతుక్కి గాలివానంటే భయం. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో దీవి మీదుగా పోయింది. ఇళ్ళూ, బడులూ, ఆస్పత్రీ దెబ్బతిన్నాయి. మూడేళ్ళయినా తిరక్కుండా 2020లో కరోనా వచ్చి హోటళ్ళు మూయించింది. మా తాతగారి ఉప్పుకుప్పలు గుర్తొచ్చాయి.

విదేశాంగం మాట కొస్తే, అత్తగారి కాపరంలో ఉన్న కష్టం అక్కడే తెలుస్తుంది. దీవికి శాసనసభ ఉంది, ప్రధాని ఉన్నారు. కాని పరరాజ్యాలతో మాట్లాడే అధికారం బ్రిటన్ తరఫున గవర్నరుది. ఆంగ్విల్లావారికి పొరుగూరు లండన్ కాదు, సెయింట్ మార్టిన్. పడవెక్కితే అరగంట లోపల అక్కడుంటారు. ఆ దీవిలో ఒక భాగం ఫ్రాన్సుది, ఇంకో భాగం నెదర్లాండ్స్‌ది. పెద్ద విమానం దిగాలన్నా, కొన్ని జబ్బులకి వైద్యం కావాలన్నా వీళ్ళు అక్కడికే పోవాలి. అంటే బ్రిటన్‌కీ ఫ్రాన్సుకీ మధ్య ఒక సరిహద్దు లండన్ పక్కనున్న ఇంగ్లీషు చానెల్లో ఉంటే, ఇంకొకటి ఇక్కడ ఉంది. 2016లో ఐరోపా సమాఖ్యలో ఉండాలా, మానాలా అని బ్రిటన్ ప్రజల అభిప్రాయం అడిగారు. బ్రిటన్ చేతికిందే ఉన్న జిబ్రాల్టర్ వారికి వోటు ఇచ్చారు. ఆంగ్విల్లావారికి ఇవ్వలేదు. 2020లో బ్రిటన్ బయటికి వచ్చేసింది, దానితోపాటు వీళ్ళూను. దీవికి అభివృద్ధి సాయం ఇస్తూ వచ్చినది ఆ ఐరోపా నిధే.

ఇంతలో అదే ఐరోపా సమాఖ్య మరో దెబ్బ కొట్టింది. ఆంగ్విల్లాలో ఆదాయపు పన్ను లేదు. బయటి కంపెనీలు వచ్చి పేరు నమోదు చేసుకుని, సొంత దేశంలో పన్ను తప్పించుకునే వీలుంది. 2020లో దీవిని పన్నుల విషయంలో సహకరించని ప్రాంతాల జాబితాలో పెట్టారు. 2021లో తీసేశారు. 2022లో మళ్ళీ పెట్టారు. ఇందులో దీవిది తప్పేమీ లేదని చెప్పలేను. ఎక్కడో మన దేశపు ధనవంతుడు ఎగ్గొట్టే పన్ను కూడా అలాంటి దీవుల దారినే పోతుంది గదా! మావారు బ్యాంకు మనిషి గనక ఈ సంగతి దగ్గర కొంచెం గట్టిగానే మాట్లాడారు. నాకైతే, పెద్ద దేశాలవాళ్ళు అలాంటి దుకాణానికి గిరాకీ తామే ఇచ్చి, జాబితాలో మాత్రం దుకాణదారు పేరే రాయడం పక్షపాతంగానే కనబడింది.

ఐక్యరాజ్యసమితిలో, ఇంకా స్వపరిపాలన రాని ప్రాంతాల పట్టిక ఒకటుంది. అందులో ఉన్న 17 ప్రాంతాల్లో ఆంగ్విల్లా ఒకటి. ఆ సంగతి చూసే సంఘంలో మన దేశమూ సభ్యురాలే. వలసలంటే సంకెళ్ళని పాఠం చెప్పుకుంటూ వచ్చిన మనకి, సంకెల కాదిది, ఆసరా అనే ఊరి గోడు ఓపిగ్గా వినడం కొంచెం కష్టమే. 2002 నుంచి అక్కడివారికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం కూడా ఉంది.

మావారు చెప్పిన “అసలు సంగతి” మిగిలింది. పేరు అద్దె రెండేళ్ళకోసారి కడితేనే డబ్బు. ఇప్పటి మోజు చల్లారి, కంపెనీలు మూతబడి, సగంమంది కట్టడం మానేస్తే? ఆ భయం వాళ్ళకీ ఉంది. అందుకే వచ్చిన రొక్కాన్ని జీతాలకింద కరిగించకుండా విమానాశ్రయం పెంచడానికీ, బడి కట్టడానికీ, 70 దాటిన ముసలివాళ్ళ ఉచిత వైద్యానికీ వాడతామన్నారు. 2021 డిసెంబరులో అమెరికాలోని మయామీ నుంచి నేరుగా విమానం రావడం మొదలయింది; పొరుగు దీవి మీద ఆధారపడడం ఆ మేరకు తగ్గింది. 2025 జనవరిలో అక్షరాల నిర్వహణను ఒక పెద్ద అమెరికన్ కంపెనీకి ఒప్పజెప్పారు, హక్కు మాత్రం తమ దగ్గరే ఉంచుకుని. ఆ ఫిబ్రవరి ఎన్నికల తరవాత కోరా రిచర్డ్‌సన్ హాడ్జ్ ప్రధాని అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. ఈ మాట విని మా అత్తయ్యగారు, “అయితే పద్దులు సరిగ్గానే రాస్తుందిలే” అన్నారు.

నా మటుకు నాకు ఒక చిన్న అసూయ ఉంది, దాచడమెందుకు? మా కాలేజీలో ఈ ఏడు తెలుగు సెక్షన్‌లో చేరినవాళ్ళు పదకొండు మంది. పక్క గదిలో ఏఐ అని కొత్తగా పెట్టిన సెక్షన్ నిండి, కుర్చీలు చాలక మా గదిలోవి పట్టుకుపోయారు. యాభై ఆరు అక్షరాలు చేతిలో పెట్టుకుని పదకొండు మందిని కూడగట్టలేనిదాన్ని, రెండక్షరాలతో ఊరంతా బతికే వాళ్ళని చూసి అసూయపడక ఏం చెయ్యను?

అన్నట్టు, శాంతో డొమింగో నుంచి కూలివాళ్ళు వేసుకుంటూ వచ్చిన ఆ పడవ పందెం మాత్రం ఆగలేదు. అదే ఇప్పుడు వాళ్ళ జాతీయ క్రీడ. ఏటా ఆగస్టు మొదటి సోమవారం దీవికంతా సెలవు. తెరచాప పడవలు బారులు తీరతాయి. గట్టు మీద జనం పొద్దున్నించీ నిలబడి చూస్తారు.